షిమానో ఎమ్‌టీ200 డిస్క్ బ్రేకు: కృష్ణ కరకట్ట దుమ్ముకూ కొండవీడు ఘాటుకూ నిలిచేదేనా?

మౌంటెన్ బైకు కొనడానికి వచ్చేవారు మన ప్రాంతంలో ముందుగా గేర్లెన్ని అని అడుగుతారు, తరువాత ముందు ఫోర్కులో షాకబ్జార్బరు ఎలా పనిచేస్తుందో నొక్కి చూస్తారు, బ్రేకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "డిస్కేనా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటారు. డిస్కే అని దుకాణదారు చెప్పగానే ఆ విషయం అక్కడితో ముగిసిపోతుంది. ఏ రకం డిస్కు, తీగతో లాగేదా లేక ఆయిలుతో నెట్టేదా, ప్యాడ్లు అరిగితే ఎక్కడ దొరుకుతాయి, ఆయిలు మార్చవలసి వస్తే ఎవరు మార్చగలరు అన్న ప్రశ్నలు కొన్న తరువాత ఒక్కొక్కటిగా ముందుకొస్తాయి. బ్రేకు నమ్మదగినదా కాదా అన్నది నిజానికి ఈ ప్రశ్నల మీదే ఆధారపడి ఉంటుందని నా గట్టి అభిప్రాయం. ఎంత బలంగా ఆపుతుందన్నది ముఖ్యమే, కానీ రెండేళ్ల తరువాత కూడా అదే బలంతో ఆపుతుందా అన్నది అంతకంటే ముఖ్యం.

ఈ సమీక్షలో ప్రధానంగా షిమానో వారి ఎమ్‌టీ200 హైడ్రాలిక్ (ఆయిలుతో నెట్టే) బ్రేకు గురించి రాస్తున్నాను. దానిని విజయవాడలో రోజువారీ ప్రయాణాలకూ, కృష్ణ కరకట్ట మీదా, మూలపాడు అడవి దారుల్లోనూ, కొండపల్లి, కొండవీడు ఘాట్ రోడ్ల మీదా వాడాను. దానికి అటూ ఇటూ ఉండే ఇతర బ్రేకుల గురించి కూడా, పోల్చి చూసుకోవడానికి అవసరమైనంత మేరకు చెబుతాను.

మన నేలకు డిస్కు బ్రేకు ఎందుకు అన్న సందేహం కొందరికి ఉంటుంది. విజయవాడ ఊరిలో తారు రోడ్డు మీద తిరగడానికే అయితే రిమ్మును పట్టే వి-బ్రేకు కూడా చాలు. కానీ జులై వచ్చి నాలుగు వానలు పడ్డాక గుంటూరు వైపు ఏ పొలం గట్టు మీదికైనా సైకిలు దింపి చూడండి. నల్లరేగడి మట్టి టైరుకు పట్టుకుని, పొర మీద పొరగా పేరుకుని, వి-బ్రేకు చేతుల మధ్య ఉండే సందులో ఇరుక్కుపోతుంది. ముందు బ్రేకు పట్టు పోతుంది, ఆ తరువాత చక్రమే తిరగదు. డిస్కు బ్రేకులో పట్టే చోటు చక్రం మధ్యలోని హబ్బు పక్కన, టైరుకు దూరంగా ఉంటుంది కాబట్టి బురద అంత తేలికగా అక్కడికి చేరదు. రిమ్ము కొద్దిగా వంకర పోయినా బ్రేకు పని దెబ్బతినదు. గుంతల రోడ్ల మీద తిరిగేవారికి ఇది చిన్న లాభమేమీ కాదు.

అయితే డిస్కు అన్న మాట ఒక్కటే నమ్మకం ఇవ్వదు. తక్కువ ధరకు దొరికే చాలా గేరు సైకిళ్లకు తీగతో లాగే మెకానికల్ డిస్కు బ్రేకు బిగించి వస్తుంది. ఇందులో సాధారణంగా ఒకవైపు ప్యాడే కదులుతుంది. లీవరు నొక్కితే తీగ కాలిపరు (ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) మీది చేతిని లాగుతుంది, ఆ చేయి తిరిగి ఒక ప్యాడును ముందుకు నెడుతుంది, ఆ ప్యాడు రోటరును, అంటే చక్రంతోపాటు తిరిగే ఉక్కు పళ్లాన్ని, కొద్దిగా వంచి అవతలి వైపు కదలకుండా ఉన్న ప్యాడుకు ఆనిస్తుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ లీవరు హ్యాండిలుకు దగ్గరగా వస్తూ ఉంటుంది, దాన్ని మనమే ఎప్పటికప్పుడు బిగించుకోవాలి. తీగను బిగిస్తే చాలనుకుని కదలని ప్యాడును ముందుకు జరపడం మరిచిపోతే, రోటరు రోజురోజుకీ ఎక్కువగా వంగవలసి వస్తుంది. పట్టు తగ్గడానికీ కీచుమనే శబ్దానికీ ఇదొక పెద్ద కారణం. పైగా కరకట్ట మీద ఇసుక లారీలు లేపే సన్నటి దుమ్ము తీగ తొడుగులోకి చేరి, వానాకాలంలో అదే తొడుగులోకి నీరు దిగి, తీగ బిరుసెక్కుతుంది. అప్పుడు వేళ్లతో ఎంత బలంగా నొక్కినా ఆ బలంలో చాలా భాగం తొడుగులోనే ఖర్చయిపోతుంది.

మెకానికల్ బ్రేకు పూర్తిగా పనికిరానిదని మాత్రం నేను అనను. నందిగామలోనో సత్తెనపల్లిలోనో తీగ తెగితే ఏ సైకిలు షాపులోనైనా కొత్త తీగ దొరుకుతుంది, బిగించడం తెలిసినవారూ దొరుకుతారు. దూర ప్రయాణాలు చేసేవారికి ఇది పెద్ద ధైర్యం. మెకానికల్ బ్రేకే కావాలనుకుంటే రెండు వైపుల ప్యాడ్లనూ విడివిడిగా జరుపుకోగల కాలిపరు ఎంచుకోవాలి. ఎవిడ్ బీబీ7లో రెండు పక్కలా చేత్తో తిప్పే గుండ్రటి మీటలు ఉంటాయి కాబట్టి పనిముట్లు లేకుండానే ప్యాడ్లను సరిచేసుకోవచ్చు. అదే కంపెనీ బీబీ5లో ఒకవైపుకే ఆ సౌకర్యం ఉంటుంది. బీబీ7 కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: అది మౌంటెన్ బైకు లీవర్లకు ఒక రకంగా, రోడ్డు సైకిలు లీవర్లకు మరో రకంగా తయారవుతుంది. ఒక లీవరు లాగే తీగ పొడవు మరొకదానికి సరిపోదు, కాబట్టి పెట్టె మీద ఏ రకమో చదివి తీసుకోవాలి.

ఇక ఎమ్‌టీ200. షిమానో హైడ్రాలిక్ బ్రేకుల్లో ఇది అన్నిటికంటే కింది వరుసలోనిది, అందుకే మధ్యస్థ ధర సైకిళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. విడిగా ముందూ వెనకా జతగా కూడా అమ్ముతారు. లీవరు నుంచి కాలిపరు దాకా గొట్టం నిండా మినరల్ ఆయిలు నింపి ఉంటుంది. లీవరు నొక్కితే ఆ ఆయిలు రెండు పక్కల పిస్టన్లనూ సమానంగా నెడుతుంది, రెండు ప్యాడ్లూ ఒకేసారి రోటరును పట్టుకుంటాయి. వదలగానే పిస్టను చుట్టూ ఉన్న రబ్బరు వలయం, ఏ మేరకు మెలిపడిందో ఆ మేరకు వెనక్కి వచ్చి, పిస్టనును తనతోపాటు లాగుతుంది. ప్యాడు అరిగినప్పుడు పిస్టను ఆ వలయంలోంచి కొద్దిగా ముందుకు జారి కొత్త చోట కుదురుకుంటుంది, లీవరు దగ్గరి తొట్టిలోని ఆయిలు ఆ ఖాళీని నింపుతుంది. తీగ బ్రేకుకు మనం చేతితో చేసే సర్దుబాటును ఇది తనంతట తానే చేసుకుంటుంది. నమ్మకం అన్న మాటకు నేనిచ్చే మొదటి మార్కులు ఇక్కడే.

లీవరు విషయంలో ఒక తేడా గమనించాలి. ఎమ్‌టీ200 లీవరు మూడు వేళ్లతో పట్టుకునేంత పొడవుగా ఉంటుంది, ఎమ్‌టీ201 లీవరు రెండు వేళ్లకు సరిపోయేలా పొట్టిగా ఉంటుంది. కాలిపరు రెండిటికీ ఒకటే కావచ్చు గాని, దిగుడులో చేయి పెట్టే పద్ధతి మారుతుంది. మూలపాడు దారుల్లో రాళ్ల మీద దిగుతున్నప్పుడు హ్యాండిలును మిగతా వేళ్లతో గట్టిగా పట్టుకోవలసి ఉంటుంది కాబట్టి నాకు పొట్టి లీవరే మేలనిపించింది. చిన్న చేతులవారు లీవరు దూరాన్ని అలెన్ కీతో తగ్గించుకోవచ్చు. లీవరు ఎంత దూరం వచ్చాక ప్యాడు ఆనాలన్నది మాత్రం ఇందులో మార్చుకునే వీలు లేదు. పై శ్రేణి లీవర్లలో షిమానో పెట్టే సర్వోవేవ్ అమరిక కూడా ఇందులో లేదు. ఆ అమరిక ఉన్న లీవరు మొదట వేగంగా ప్యాడ్లను దగ్గరికి చేర్చి, ఆ తరువాత పట్టుకు ఎక్కువ బలాన్నిస్తుంది. అది లేకపోవడం వల్ల ఎమ్‌టీ200 పట్టు మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా, సమంగా పెరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఇది లోపం కంటే గుణమేనని నా ఉద్దేశం, ఎందుకంటే వేలు పడగానే చక్రం బిగుసుకుపోయే ప్రమాదం తక్కువ.

దిగుడులో దీని నడత ఎలా ఉంటుందో చెప్పడానికి ముందు బ్రేకు ఎంత పని చేయవలసి ఉంటుందో చూద్దాం. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలనుకుంటే, నిలువుగా 100 మీటర్లు దిగేసరికి సుమారు 88 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. ఇది పావు లీటరు నీటిని గది వేడి నుంచి మరిగే దాకా తీసుకువెళ్లడానికి సరిపోయే వేడి. వేగం పెరిగినకొద్దీ అందులో కొంత గాలి తీసుకుంటుంది, కానీ బ్రేకు పట్టుకుని నెమ్మదిగా దిగేవారి విషయంలో దాదాపు అంతా రెండు పల్చటి ఉక్కు పళ్లాల మీదే పడుతుంది. ఆ పళ్లెం ఒక్కొక్కటీ 2 మి.మీ. మందం కూడా ఉండదు. మే నెల ఎండలో మన రోడ్డు మీద వేడి 45 డిగ్రీలకు చేరినా బ్రేకుకు అది లెక్కలోనిది కాదు, ఘాటు దిగేటప్పుడు రోటరులో పుట్టే వేడి దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ దిగుడు అవగానే రోటరును వేలితో తాకి చూడాలన్న కుతూహలం ఎవరికీ వద్దు, చర్మం అక్కడే అంటుకుంటుంది.

కొండపల్లి కోట నుంచి కిందికి దిగేటప్పుడు ఎమ్‌టీ200ను నేను రెండు పద్ధతుల్లో వాడి చూశాను. మొదటిది, వెనక బ్రేకును మొదటి నుంచి చివరి దాకా కొద్దికొద్దిగా నొక్కి ఉంచడం. మనలో చాలామంది ఇదే చేస్తారు, భయం వేసినప్పుడు సహజంగా వచ్చే అలవాటు ఇది. సగం దిగేసరికి కాలిన వాసన మొదలైంది, లీవరు మొదట ఉన్నంత గట్టిగా లేకుండా మెత్తబడినట్లు అనిపించింది, అదే నొక్కుడుకు పట్టు తగ్గింది. రెండవ పద్ధతిలో మలుపుకు ముందు రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి, వేగం తగ్గించి, పూర్తిగా వదిలేశాను. మలుపు తిరిగాక మళ్లీ వేగం వచ్చే దాకా వేలు తీసేసి ఉంచాను. వదిలిన ఆ కొద్ది సేపట్లోనే గాలికి రోటరు చల్లబడుతుంది. కింద ఆగేసరికి లీవరు పైన ఉన్నంత గట్టిగానే ఉంది. కొండవీడు ఘాటు మీద కూడా ఇదే అనుభవం. అంటే చిన్న రోటరుతో, రెండు పిస్టన్ల ఈ బ్రేకుతో మన కొండలు నిశ్చింతగా దిగవచ్చు, కానీ దాన్ని వాడే పద్ధతి తెలిసి ఉండాలి.

రోటరు కొలత ఇక్కడే లెక్కలోకి వస్తుంది. మౌంటెన్ బైకులకు ఎక్కువగా 160, 180, 203 మి.మీ. రోటర్లు వాడతారు. అదే కాలిపరుతో, అదే నొక్కుడుతో 160 నుంచి 180కి మారితే ఆపే శక్తి సుమారు 12 శాతం పెరుగుతుంది, ఎందుకంటే పట్టే చోటు ఇరుసుకు దూరంగా జరుగుతుంది. వేడిని తీసుకునే ఉక్కు కూడా ఎక్కువవుతుంది. కాబట్టి ఎనభై కిలోలు దాటిన మనిషి ఎమ్‌టీ200 తీసుకుంటే ముందు చక్రానికి 180, వెనక చక్రానికి 160 పెట్టించుకోవడం ఉత్తమమని చెబుతాను. ఖరీదైన బ్రేకు కొనడం కంటే ఇది చౌకలో అయిపోయే మేలు. దీనికి కాలిపరు కింద ఒక అడాప్టరు కావాలి. ఫోర్కు తయారీదారు ఎంత పెద్ద రోటరు దాకా అనుమతించారో మాత్రం ముందు చూసుకోవాలి, ఫోర్కు తట్టుకోలేని కొలత పెట్టడం ప్రమాదం.

ప్యాడ్ల దగ్గర ఎమ్‌టీ200కు ఒక హద్దు ఉంది. ప్యాడ్లు స్థూలంగా రెండు రకాలు: రెజిన్, మెటల్. రెజిన్ ప్యాడు శబ్దం చేయదు, చల్లగా ఉన్నప్పుడు కూడా బాగా పడుతుంది, కానీ బురదలో, ఇసుక నీళ్లలో త్వరగా అరిగిపోతుంది. మెటల్ ప్యాడు ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, వానలో ఎక్కువ కాలం వస్తుంది, కానీ అరుస్తుంది, పైగా గట్టి ఉక్కుతో చేసిన రోటరు అడుగుతుంది. ఎమ్‌టీ200 రెజిన్ ప్యాడ్లతో వస్తుంది. దానికి తోడుగా ఇచ్చే చౌక రకం షిమానో రోటర్ల మీద "రెజిన్ ప్యాడ్ ఓన్లీ" అని ఉక్కులోనే చెక్కి ఉంటుంది. ఆ అక్షరాలను తేలికగా తీసుకుని మెటల్ ప్యాడు వేస్తే రోటరు చూస్తుండగానే అరిగిపోతుంది. వానాకాలమంతా మట్టిలోనే తిరిగేవారు ఈ కారణం చేత ఎమ్‌టీ200ను దాటి పైకి వెళ్లడం మంచిది. మిగిలినవారికి రెజిన్ చాలు. ఇందులో ఒక సౌకర్యం కూడా ఉంది: బీ01ఎస్, బీ03ఎస్, బీ05ఎస్ అనే పేర్లతో షిమానో అమ్మే ప్యాడ్లన్నీ ఒకే ఆకారంలో ఉంటాయి, ఏది దొరికినా ఈ కాలిపరులో కూర్చుంటుంది. నమ్మదగిన బ్రేకును ఎంచుకోవడంలో ఈ విషయానికి నేను చాలా విలువ ఇస్తాను, ఎందుకంటే ప్యాడు దొరకని గొప్ప బ్రేకు కంటే ప్యాడు దొరికే మామూలు బ్రేకు ఎంతో మేలు.

ఆయిలు గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి, మన ఊళ్లో జరిగే నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో బ్రేకుల పని తెలిసిన మేస్త్రీలకు కొదవ లేదు. లారీ నుంచి స్కూటరు దాకా ఏ బ్రేకునైనా విప్పి కట్టగలిగిన చేతులు అవి. కాబట్టి సైకిలు లీవరు మెత్తబడగానే చాలామంది అక్కడికే తీసుకువెళతారు. అక్కడి ఒక మేస్త్రీ డబ్బా చేతిలో పట్టుకుని నన్ను అడిగిన ప్రశ్న చాలా న్యాయమైనది: "బుల్లెట్టుకి వేసేది ఇదే కదండీ, అంత బండినే ఆపుతుంటే సైకిలుకి ఎందుకు పనికిరాదు?" ఆయన చేతిలో ఉన్నది డాట్ 4. అది గ్లైకాల్‌తో తయారయ్యే ద్రవం. షిమానో బ్రేకులోని రబ్బరు సీళ్లు మినరల్ ఆయిలు కోసమే చేసినవి, వాటికి డాట్ ద్రవం తగిలితే ఉబ్బిపోయి చెడిపోతాయి. పోసిన రోజు బ్రేకు బాగానే పనిచేస్తుంది కాబట్టి తప్పు జరిగినట్లు తెలియదు. తరువాత లీవరు వెనక్కి రాకపోవడం, ఎక్కడో ఒకచోట కారడం మొదలవుతాయి. అప్పుడు సీళ్లు మాత్రమే మార్చుకుందామంటే విడిగా దొరకవు, లీవరూ కాలిపరూ మొత్తంగా మార్చవలసిందే. ఈ సంగతి చెప్పగానే ఆయన డబ్బా మూత పెట్టి, లీవరు తొట్టి తెరిచి, లోపలి ఆయిలు రంగు నాకు చూపించి, ఇది ఎరుపు, నా దగ్గరున్నది పసుపు, నిజమేనండీ అన్నారు. షిమానో మినరల్ ఆయిలు లేత ఎరుపులో ఉంటుంది, మగూరా వారిది నీలం. రంగు చూడటం తేలికైన పరీక్షే. ఫోర్కు ఆయిలు, గేరు ఆయిలు వంటి ప్రత్యామ్నాయాల జోలికి కూడా పోవద్దు. షిమానో ఆయిలు చిన్న సీసా కొని ఇంట్లో పెట్టుకుని, పని తెలిసిన చేతికి ఆ సీసాతో సహా అప్పగించడమే సరైన దారి.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. శ్రామ్ వారి లెవెల్, గైడ్, కోడ్ వంటి బ్రేకులు, ఇంగ్లండులో తయారయ్యే హోప్ బ్రేకులు డాట్ 5.1 ద్రవంతో పనిచేస్తాయి. వాటిలో మినరల్ ఆయిలు పోస్తే వాటి సీళ్లూ అలాగే పాడవుతాయి. అదే శ్రామ్ తరువాత తెచ్చిన డీబీ8, మావెన్ రకాలకు మాత్రం మినరల్ ఆయిలే వాడాలి. కంపెనీ పేరు చూసి ఆయిలు నిర్ణయించకూడదని చెప్పడానికే ఈ వివరం. డాట్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 5.1 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 260 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ చేరాక అది 180 దాకా పడిపోవచ్చు. కృష్ణ ఒడ్డున సంవత్సరంలో సగం రోజులు గాలి తడిగానే ఉంటుంది కాబట్టి ఆ ద్రవాన్ని క్రమం తప్పకుండా మార్చాలి. చుక్క పడితే సైకిలు రంగు కూడా లేచిపోతుంది. మినరల్ ఆయిలు తేమను పీల్చదు. మన వాడకానికి ఈ ఒక్క కారణంతోనే నేను మినరల్ ఆయిలు బ్రేకుల వైపు మొగ్గుతాను.

మిగతా బ్రేకుల గురించి క్లుప్తంగా చెబుతాను. తైవాన్‌కు చెందిన టెక్ట్రో వారి ఎమ్275 వంటి ప్రారంభ స్థాయి హైడ్రాలిక్కులు ఎమ్‌టీ200కు సాటి వచ్చేవే, వాటిలోనూ మినరల్ ఆయిలే. సైకిలుతోపాటు అవి వచ్చి ఉంటే మార్చవలసిన పని లేదు. ఒక మెట్టు పైకి వెళితే షిమానో డియోర్ ఎమ్6100 ఉంది. సర్వోవేవ్ లీవరు వల్ల ఒక్క వేలితోనే గట్టి పట్టు వస్తుంది. ఎమ్‌టీ200 తరువాత దీన్ని పట్టుకుంటే తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది. తగిన రోటరు పెట్టుకుంటే మెటల్ ప్యాడ్లు వేసుకునే అవకాశం కూడా ఉంటుంది, వానల్లో తిరిగేవారికి నేను సూచించేది ఇదే. నాలుగు పిస్టన్ల ఎమ్6120 పెద్ద పర్వతాల్లో చాలాసేపు దిగేవారి కోసం, బ్యాటరీ సైకిళ్ల కోసం తగినది. మన కొండల ఎత్తుకు దాని అవసరం నాకు కనిపించలేదు.

కొనేటప్పుడు అందరూ మరిచిపోయే విషయం ఒకటి ఉంది. మన దేశంలో మోటారు సైకిలు నడిపిన ప్రతివారికీ ముందు బ్రేకు కుడి చేతికి అలవాటు. ఆన్‌లైనులో జతగా దొరికే హైడ్రాలిక్ బ్రేకుల్లో చాలావాటికి ముందు బ్రేకు ఎడమ చేతికి ఉంటుంది, ఎందుకంటే అమెరికాలోనూ మరికొన్ని దేశాల్లోనూ అదే పద్ధతి. తీగ బ్రేకయితే తీగలు అటూ ఇటూ మార్చుకుంటే సరిపోతుంది. హైడ్రాలిక్‌లో పొడవైన గొట్టం వెనక కాలిపరుకూ పొట్టి గొట్టం ముందు కాలిపరుకూ ఇచ్చి, ఆయిలు నింపి, సీలు చేసి పంపుతారు. అటూ ఇటూ మార్చాలంటే లీవరు దగ్గర గొట్టం విప్పాలి, దాని చివర బిగించే ఆలివ్ అనే చిన్న ఇత్తడి వలయం ఒకసారి నొక్కుకుపోయాక మళ్లీ పనికిరాదు కాబట్టి కొత్తది వేయాలి, ఆపైన గొట్టంలో చేరిన గాలి తీయాలి. ఇదంతా లేకుండా ఉండాలంటే ఆర్డరు పెట్టే ముందే కుడి లీవరుకు ఏ గొట్టం ఉందో చదవాలి. అత్యవసరంలో చేయి తన పాత అలవాటు ప్రకారమే కదులుతుంది కాబట్టి దీన్ని సర్దుకుపోయే విషయంగా చూడవద్దని కోరుతున్నాను.

సైకిలుకు డిస్కు పట్టే చోటు ఉందో లేదో కూడా ముందే చూడాలి. ఫ్రేము మీద, ఫోర్కు మీద కాలిపరు బిగించే చెవులు లేకపోతే వి-బ్రేకు సైకిలుకు డిస్కు పెట్టలేం. బోల్టు రంధ్రాల మధ్య దూరం 74 మి.మీ. ఉంటే పోస్టు మౌంటు, 51 మి.మీ. ఉండి రంధ్రాలు పక్కవైపుకు ఉంటే ఐ.ఎస్. మౌంటు, దీనికి అడాప్టరు తప్పనిసరి. హబ్బుకు ఆరు బోల్టుల రోటరు పడుతుందో, మధ్యలో ఒకే పెద్ద వలయంతో బిగించే సెంటర్‌లాక్ పడుతుందో చూసుకోవాలి. నకిలీ రోటర్ల బెడద కూడా ఉంది. అసలు షిమానో రోటరు కొత్తగా ఉన్నప్పుడు 1.8 మి.మీ. మందం ఉంటుంది, 1.5 మి.మీ.కు అరిగితే మార్చమని కంపెనీయే చెబుతుంది. మందం కొలిచే వెర్నియర్ ఏ లేతు షాపులోనైనా ఉంటుంది, అరనిమిషం అడిగి కొలిపించుకోండి.

బిగించిన తరువాత ప్యాడ్లను రోటరుకు అలవాటు చేయడం తప్పనిసరి. బందరు కాలువ గట్టు వంటి రద్దీ లేని చోట గంటకు 20 కి.మీ. వేగానికి చేరుకుని, చక్రం బిగుసుకుపోకుండా నడక వేగానికి తగ్గించి, మళ్లీ వేగం అందుకుని, ఇలా ఒక్కో బ్రేకుకు ఇరవై సార్లయినా చేయాలి. ప్యాడు పదార్థం పల్చటి పొరగా రోటరు మీద సమంగా పరుచుకున్నాకే అసలు పట్టు వస్తుంది. కొత్త బ్రేకు సరిగా పడటం లేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ పని చేయకపోవడమే.

రోటరు ప్యాడుకు రాసుకుంటూ సన్నగా శబ్దం చేస్తుంటే కాలిపరు మధ్యలో లేదని అర్థం. కాలిపరు వెనక ఒక తెల్ల కాగితం పెట్టి, పైనుంచి ఒక కన్ను మూసుకుని చూస్తే రోటరుకు రెండు పక్కలా రెండు సన్నటి తెల్లటి గీతలు కనిపించాలి. ఒక గీత కనిపించకపోతే రెండు బోల్టులనూ కొద్దిగా వదులు చేసి, లీవరు గట్టిగా నొక్కి పట్టి, బోల్టులను ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. చక్రం తిప్పుతూ మళ్లీ కాగితం మీద చూస్తే, ఒక చోట మాత్రమే గీత సన్నబడి మళ్లీ వెడల్పవుతుంటే లోపం కాలిపరుది కాదు, రోటరు అక్కడ వంగి ఉంది.

పంక్చరు వేయడానికి సైకిలును తలకిందులు చేయడం మనకు చిన్నప్పటి అలవాటు. హైడ్రాలిక్ బ్రేకు ఉంటే అది మానుకోవడం మంచిది. లీవరు దగ్గరి తొట్టిలో కాస్త గాలి ఉంటే అది పైకి, అంటే గొట్టంలోకి చేరుతుంది. సైకిలు నిలబెట్టాక లీవరు మెత్తగా ఉంటే నిటారుగా ఉంచి పలుమార్లు నొక్కి వదిలితే గాలి తొట్టిలోకి తిరిగి వస్తుంది, రాకపోతే గాలి తీయించాలి. చక్రం విప్పి ఉన్నప్పుడు లీవరును అసలు తాకనివ్వకూడదు, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే. రోటరు లేని ఖాళీలోకి పిస్టన్లు ముందుకు వచ్చి ప్యాడ్లు అతుక్కుపోతాయి. బ్రేకు పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ ముక్క పారేసేది కాదు, చక్రం తీసినప్పుడల్లా ప్యాడ్ల మధ్య పెట్టవలసినది.

చైనుకు ఆయిలు వేసేటప్పుడు స్ప్రే డబ్బా వాడవద్దు. కంటికి కనిపించని తుంపర వెనక రోటరు మీద పడితే చాలు, ప్యాడు దాన్ని పీల్చుకుని పట్టు వదిలేస్తుంది, ఆ తరువాత ఎంత అరిచినా ఆగదు. రోటరును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిస్తే శుభ్రపడుతుంది, అది మందుల షాపుల్లో దొరుకుతుంది. నూనె పీల్చిన ప్యాడును మాత్రం పారేసి కొత్తది వేయడమే మంచిదని నా సలహా. ప్యాడు మీద పదార్థం 0.5 మి.మీ.కు చేరితే షిమానో లెక్క ప్రకారం దాని పని అయిపోయినట్లే. వానల్లో రెజిన్ ప్యాడు అనుకున్నదానికంటే ముందే ఆ మందానికి చేరుతుంది కాబట్టి, మే నెలాఖరుకే ఒక జత బీ05ఎస్ ప్యాడ్లు తెప్పించి సీటు కింద సంచిలో వేసుకోండి.